పాత పాలవ్యాను ఇంజను కుంటుతుంటే: ఇంజెక్టర్ల సంగతి

ఈ నెల పాఠం పశువుల గురించి కాదు, దాణా గురించీ కాదు. పాలక్యాన్లను మోసుకొని వచ్చే పాత డీజిలు వ్యాను గురించి. సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, ముఖ్యంగా రూటు డ్రైవర్లు దీన్ని ఓపికగా చదవాలని కోరుతున్నాను. బండి సంఘానిదైనా కాంట్రాక్టరుదైనా, అది దారిలో నిలిచిపోతే నష్టపోయేది క్యాన్లలో పాలు పోసినవాళ్ళే.

పొదుగు నుంచి దిగిన పాలు సుమారు 38 డిగ్రీల వేడి మీద ఉంటాయి. పాలలో స్వతహాగా కొంత రక్షణశక్తి ఉన్నది గాని, వేసవిలో అది రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆ తరువాత సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపవుతూ పోతాయి. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తేగాని వాటి జోరు తగ్గదు. తెల్లవారుజామున పితికిన పాలు, సంఘంలో కొలతా పరీక్షా అయ్యేసరికే ఒక గంట గడిచిపోతుంది. మిగిలిన గంటన్నరా రెండు గంటలూ వ్యాను చేతిలో ఉన్నవి. అందుచేత ఇంజను ఆరోగ్యం కూడా పాల నాణ్యతలో భాగమే అనుకోవాలి.

జరిగిన సంగతి

2022 వేసవిలో నేను చూచిన ఒక రూటు సంగతి చెబుతాను. మూడు సంఘాలు కలిసి పద్దెనిమిదేళ్ళ పాత వ్యానును కొనుక్కున్నాయి. నాలుగు సిలిండర్ల ఇంజను, పాతకాలపు పంపు. సంక్రాంతి నుంచీ డ్రైవరు ఒకటే మాట చెబుతున్నాడు: బండి నిలబెట్టి ఇంజను వదిలితే ఒళ్ళంతా కుదుపుతున్నది, ఎత్తు ఎక్కేటప్పుడు నల్లటి పొగ కక్కుతున్నది, లీటరుకు 9 కిలోమీటర్లు తిరిగేది ఇప్పుడు 7 దాటడం లేదు. "పాత బండి అంతేలేవయ్యా" అన్నారు కమిటీవారు. తరువాత పట్నంలో ఒక వర్కుషాపువారికి చూపిస్తే, బండి కదిలించకుండానే, పంపు పోయింది, మొత్తం విప్పి కొత్త సామాను వేయాలి అని పెద్ద మొత్తం చెప్పారు. అంత డబ్బు లేక కమిటీవారు ఆ సంగతి పక్కన పెట్టారు.

మే నెలలో ఒకరోజు ఉదయం, 22 క్యాన్లతో వస్తూ చెరువుగట్టు ఎక్కుతుండగా ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ కూడా దిగిపోయింది. చివరికి ఒక ట్రాక్టరు దొరికి లాగితే బండి అంటుకున్నది. ఎనిమిదింటికి చేరవలసిన పాలు పదింపావుకు చేరాయి. చిల్లింగ్ కేంద్రంలో గొట్టంలో పోసి మరిగించి చూస్తే 9 క్యాన్ల పాలు విరిగిపోయాయి.

ఆ మధ్యాహ్నం నేను ఆ సంఘంలోనే ఉన్నాను. ఒక్క గేదె మీద బ్రతికే ముసలమ్మ వచ్చి కార్యదర్శిని అడిగింది: "పొద్దున నువ్వే కదా బాబూ పరీక్ష చేసి, బాగున్నాయని రాసుకున్నావు. ఇప్పుడు విరిగాయంటే అవి నా పాలెట్లా అవుతాయి?" కార్యదర్శి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. డ్రైవరు మాత్రం తలవంచుకొని, "రెండు మూడు నెలల నుంచి చెప్తూనే ఉన్నానండి" అన్నాడు. అది నిజమే.

ఇంజెక్టరు చేసే పని

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను పదహారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణంలో డీజిలును మంచుతుంపరలా లోపలికి చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. ఆ చిమ్మే పరికరమే ఇంజెక్టరు. దాని కొనను నాజిలు అంటారు. నాజిలు లోపల ఒక సన్నని సూది, దాని వెనుక గట్టి స్ప్రింగు ఉంటాయి. పంపు నుంచి డీజిలు ఒత్తిడితో వచ్చి స్ప్రింగు బలాన్ని మించినప్పుడు సూది లేస్తుంది, డీజిలు సన్నని రంధ్రాల గుండా చిమ్ముతుంది, ఒత్తిడి తగ్గగానే సూది టక్కున కూర్చుంటుంది. నాలుగైదు రంధ్రాల నాజిళ్ళలో ఈ ఒత్తిడి సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఏ ఇంజనుకు ఎంత అనేది దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెనే పాటించాలి.

డీజిలును పిచికారీ చేయడానికి మొదటి రోజుల్లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనుకు వేరే కంప్రెసరు పెట్టి గాలితో ఊదించేవాడు. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టిన తరువాతనే లారీలకు డీజిలు ఇంజను అనువుగా కుదిరింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో మొదలైన మైకో ఈ పంపులనూ నాజిళ్ళనూ తయారుచేసింది. ఇప్పటికీ మెకానిక్కులు ఏ కంపెనీ నాజిలునైనా "మైకో" అనడం అందుకే.

పని ఎంత సున్నితమో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 5 లీటర్లు త్రాగే నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క ఇంజెక్టరు నిమిషానికి 1000 సార్లు చిమ్మాలి. నాలుగూ కలిసి గంటకు 2,40,000 సార్లు. అంటే ఒక్కసారికి వచ్చే డీజిలు ఒక నీటిబొట్టులో సగం కూడా లేదు. ఇంత కొద్ది పాలును ఇంత వేగంగా చిమ్మవలసిన సూదికీ, దాని గూటికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండు నుంచి నాలుగు. తలవెంట్రుక అందులో దూరాలంటే దాన్ని ఇరవై పేలికలు చేయాలి. ఇక దుమ్ము సంగతి, తుప్పు సంగతి వేరే చెప్పాలా?

పశువులు పెంచేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మంచి చన్ను పిండితే ధార నిటారుగా వస్తుంది, వదిలితే ఆగుతుంది. రంధ్రం పూడితే ధార వంకర పోతుంది. మూసుకోని చన్ను నుంచి పాలు ఊరకే కారుతుంటాయి, అటువంటి చన్నుకే పొదుగువాపు త్వరగా సోకుతుంది. ఇంజెక్టరూ అంతే. రంధ్రం పూడితే తుంపర ఒక పక్కకు పోతుంది. సూది సరిగా కూర్చోకపోతే చిమ్మవలసినది కారుతుంది. కారిన డీజిలు పూర్తిగా మండదు. నల్లపొగగా పోతుంది, లేదా సిలిండరు గోడల మీది ఆయిలును కడిగి క్రిందికి జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిలు గేజిపుల్ల మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతున్నదంటే సంతోషించకండి. డీజిలు కలిసి పలుచబడిన ఆయిలు బేరింగులను తినేస్తుంది. అదేపనిగా ఒకచోట మంట పడితే పిస్టను నెత్తిమీద రంధ్రం పడిన ఇంజనులూ ఉన్నాయి.

అయితే కుదుపు కనబడగానే ఇంజెక్టరు మీద నేరం మోపరాదు. ముందు పైసా ఖర్చు లేనివి చూడాలి. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా నల్లపొగ వస్తుంది. డీజిలు ఫిల్టరు పూడితే ఎత్తు మీద ఇంజను లాగదు. పైపు జాయింటులో ఎక్కడైనా గాలి పీలుస్తుంటే ఇంజను ఒకసారి లేస్తూ ఒకసారి పడుతూ ఉంటుంది. టాపెట్ల సందు తప్పినా, ఇంజను క్రింది రబ్బరు దిమ్మలు చితికినా కుదుపు ఉంటుంది. పొగ రంగు కొంత దారి చూపుతుంది. నలుపు అయితే డీజిలు ఎక్కువ లేక గాలి తక్కువ, లేదా తుంపర చెడింది. తెలుపు అయితే డీజిలు అంటుకోకుండానే ఆవిరిగా పోతున్నది. నీలిరంగు అయితే ఇంజనాయిలు కాలుతున్నది, దానికి ఇంజెక్టరు బాధ్యురాలు కాదు.

చెడిన సిలిండరు ఏది?

పొదుగువాపు అనుమానం వస్తే నాలుగు చన్నులూ కలిపి ఒకే గిన్నెలో పిండి చూడము కదా. ఒక్కొక్క చన్నును వేరుగా నల్లగుడ్డ మీద పిండి చూస్తాము. ఇంజనుకూ అదే పద్ధతి. ఇది తెలియకనే చాలా సంఘాలు పంపులు విప్పించి డబ్బు పోగొట్టుకుంటున్నాయి.

ఇంజను వేడెక్కనిచ్చి, నెమ్మదిగా తిరిగేటట్లు వదలండి. పంపు నుంచి ఒక్కొక్క ఇంజెక్టరుకు వెళ్ళే సన్నని ఉక్కుపైపు ఉంటుంది. ఇంజెక్టరు దగ్గర దాని నట్టును, సాధారణంగా 17 లేదా 19 నంబరు స్పానరుతో, సుమారు అరచుట్టు వదులు చేయండి. అప్పుడు డీజిలు సిలిండరులోకి పోకుండా బయటికి చెమర్చుతుంది, అంటే ఆ సిలిండరు పని ఆగిపోతుంది. బాగా పనిచేస్తున్న సిలిండరును ఇలా ఆపితే ఇంజను వెంటనే తడబడుతుంది, శబ్దం మారుతుంది. నట్టు మళ్ళీ బిగించి తరువాత దానికి పొండి. ఏ నట్టు వదులు చేసినప్పుడు ఇంజను తీరులో మార్పు లేదో ఆ సిలిండరే అసలు పనిచేయడం లేదు. కొన్నిసార్లు ఒక నట్టు వదులు చేయగానే పొగా, టకటకా రెండూ తగ్గిపోతాయి. అక్కడ ఇంజెక్టరు కారుతున్నదని అర్థం.

ఆ రోజు మేము చూచినప్పుడు మూడవదాని దగ్గర మార్పు కనబడలేదు. అంతమాత్రాన ఇంజెక్టరే దోషి అని తేలదు. వాల్వు కాలినా, రింగులు అరిగినా, పంపులో ఆ సిలిండరుకు సంబంధించిన భాగం పోయినా ఇదే జరుగుతుంది. కాబట్టి మూడవ ఇంజెక్టరును రెండవదాని చోట, రెండవదాన్ని మూడవచోట పెట్టి మళ్ళీ చూచాము. ఈసారి రెండవ సిలిండరు చచ్చిపోయి మూడవది లేచింది. జబ్బు ఇంజెక్టరుతోపాటు నడిచి వెళ్ళింది. అంటే పంపు నిర్దోషి. జబ్బు కదలకుండా మూడవచోటనే ఉండిపోతే అప్పుడు వర్కుషాపువారి మాట గురించి ఆలోచించవలసి ఉండేది. ఈ పనికి పట్టిన సమయం గంటన్నర, సామాను ఖర్చు రెండు రాగి వాషర్లు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. వీటిని దయచేసి తేలికగా తీసుకోవద్దు.

మొదటిది, చేతుల గురించి. ఇంజెక్టరు నుంచి చిమ్మే డీజిలుకు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోయే బలం ఉన్నది. బయటికి తీసిన ఇంజెక్టరును పైపుకు తగిలించి ఇంజను త్రిప్పుతూ తుంపర ఎలా వస్తుందో చూడడం, దాని ముందు అరచెయ్యి పెట్టడం మన షెడ్లలో మామూలైపోయింది. అది చాలా ప్రమాదం. లోపలికి పోయినప్పుడు సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా అంతగా ఉండదు. కాని కొన్ని గంటల్లో లోపలి కండ చచ్చిపోవడం మొదలై, వేలో చెయ్యో తీసివేయవలసి రావచ్చు. పొరపాటున అలా జరిగితే పసుపు అద్దుకొని కూర్చోకుండా వెంటనే ఆపరేషను సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో ఉన్న డీజిలు లోపలికి పోయిందని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పాలి. నట్టు వదులు చేసేటప్పుడు దాని మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టుకోవాలి. కారిన డీజిలు వేడి సైలెన్సరు గొట్టం మీద పడకుండా చూచుకోవాలి.

రెండవది, ఈ నట్టు వదులు చేసే పద్ధతి పాతకాలపు పంపు ఉన్న ఇంజనులకు మాత్రమే. కామన్ రైల్ ఇంజనుల్లో పైపులోని ఒత్తిడి పాతవాటికంటే ఎన్నో రెట్లు, వెయ్యి కిలోలు దాటి ఉంటుంది. అక్కడ నడుస్తున్న ఇంజనుకు స్పానరు పెడితే ప్రాణం మీదికి వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మకానికి వచ్చిన బి.ఎస్. 6 బండ్లు, అంతకుముందువే అయినా కంప్యూటరు పెట్టె ఉన్న బండ్లు మీ రూటులో ఉంటే, ఈ పాఠంలోని విప్పే పనులేవీ వాటికి వర్తించవు. అనుమానం ఉంటే నట్టు ముట్టుకోకండి.

విప్పేటప్పుడు

ఇంజెక్టరు విప్పే పని బండి దులిపిన తరువాత మొదలుపెట్టాలి. నట్ల చుట్టూ ఉన్న మట్టినీ జిడ్డునూ డీజిలు కుంచెతో కడిగి, గాలి కొట్టించి, అప్పుడే స్పానరు పెట్టాలి. లేకపోతే నట్టు ఊడిన మరుక్షణం ఆ మట్టి తిన్నగా పైపులోకి దిగుతుంది. ఊడదీసిన పైపుల మూతులకు ప్లాస్టిక్ మూతలు పెట్టండి. లేకపోతే శుభ్రమైన పాలిథీను కట్టండి. నూలుగుడ్డ కుక్కవద్దు, దాని పీచు లోపల మిగిలిపోతుంది. ఏ ఇంజెక్టరు ఏ సిలిండరుదో చీటీ కట్టాలి. నాజిలు కొన మీది మసిని చూస్తే ఆ సిలిండరులో ఏం జరుగుతున్నదో తెలుస్తుంది. చీటీ లేకపోతే ఆ సాక్ష్యం పోయినట్లే.

ఇంజెక్టరు క్రింద ఒక రాగి వాషరు ఉంటుంది. ఇంజెక్టరుతోపాటు అది బయటికి రాకుండా గుంటలోనే అంటుకొని ఉండిపోవడం తరచు జరుగుతుంది. అది చూచుకోకుండా మీద కొత్త వాషరు వేసి బిగించారంటే, నాజిలు కొన ఉండవలసిన దానికంటే పైకి లేస్తుంది, తుంపర పిస్టను గిన్నెలో పడవలసినచోట పడదు. కొత్త నాజిలు వేసినా పొగ తగ్గలేదని వచ్చే ఫిర్యాదులలో నేను చూచినంతవరకు ఈ రెండు వాషర్ల కథ చాలాసార్లు ఉన్నది. టార్చిలైటు వేసి గుంటలోకి చూడండి, అంతే.

ఆ తరువాత ఇంజెక్టరును షెడ్డులో విప్పవద్దు. నాజిలు, సూది జతగా అరగదీసి చేసినవి. ఒకదాని సూది మరొకదానిలో పెట్టకూడదు. వాటిని ఎమరీ కాగితంతో రుద్దడం, రంధ్రాల్లో గుండుసూది త్రిప్పడం, సంఘం ముందు అరుగు మీద పాతగుడ్డ పరచి నాలుగింటినీ ఒకచోట కుప్పపోయడం నేను కళ్ళారా చూచాను. అలా చేసినవాళ్ళు కష్టపడేవాళ్ళే. కాని ఆ కష్టం నాజిలును బాగుచేయదు, చంపుతుంది. నాలుగింటినీ శుభ్రమైన డబ్బాలో పెట్టి పంపు, నాజిల్ సర్వీసు షాపుకు తీసుకువెళ్ళండి. అందరూ ఒక్కటే తీసుకువెళతారు. నాలుగూ తీసుకువెళ్ళడం మంచిది, ఎందుకంటే నాలుగూ ఒకే డీజిలు త్రాగినవి.

నాజిల్ షాపులో

మన సంఘంలో పాలకు టెస్టరు ఉన్నట్లే అక్కడ ఇంజెక్టరుకూ ఒక టెస్టరు ఉంటుంది. చేతి పంపు, ఒత్తిడి గడియారం, ముందు ఒక గాజుపెట్టె. ఇచ్చి వచ్చేయకుండా దగ్గర నిలబడి చూడండి. పాల పరీక్ష మా ముందే చేయండి అని అడిగే హక్కు ఉత్పత్తిదారుకు ఉన్నట్లే, ఈ పరీక్ష చూచే హక్కు బండి యజమానిది.

పిడిని మెల్లగా నొక్కుతూ పోతే గడియారపు ముల్లు ఏ అంకె దగ్గర ఆగి పడిపోతుందో, అదే ఇంజెక్టరు తెరుచుకునే ఒత్తిడి. స్ప్రింగు వయసుతోపాటు కుంగుతుంది కాబట్టి పాతవాటిలో ఇది తగ్గి ఉండడం మామూలు. లోపల పలుచటి రేకులు వేసిగాని, మరచుట్టు త్రిప్పిగాని సరిచేస్తారు. ముఖ్యమైనది నాలుగూ ఒకే అంకెకు రావడం. ఒకటి 200కు, ఒకటి 170కి తెరుచుకుంటే ఇంజను ఎద్దూ దున్నా కట్టిన బండిలా నడుస్తుంది.

తుంపర చూడండి. అన్ని రంధ్రాల నుంచీ సమానంగా, పొగమంచులా రావాలి. చీపురుపుల్లలా గట్టి ధార కనబడినా, ఒక రంధ్రం మూగపోయినా పనికిరాదు. మంచి నాజిలు చిమ్మేటప్పుడు గరగరమని సన్నగా కూస్తుంది. ఆ చప్పుడు సూది చురుకుగా లేచి కూర్చుంటున్నదని గుర్తు.

అన్నిటికంటే ముఖ్యమైనది కారుడు పరీక్ష. తెరుచుకునే ఒత్తిడికి ఒక 10 నుంచి 20 కిలోలు తక్కువలో పిడిని పట్టి ఉంచి, పదివరకు లెక్కపెట్టాలి. నాజిలు కొన పొడిగా ఉండాలి. బొట్టు కట్టి జారితే సూది పీఠం చెడినట్లే. మా మూడవ ఇంజెక్టరు ఇక్కడే దొరికిపోయింది. ఐదు లెక్కపెట్టేలోగా బొట్టు, దాని వెనుక ఇంకొకటి. మొదటిది ఒత్తిడి తగ్గి, తుంపర కూడా ఒక పక్కకు పోతున్నది. మిగిలిన రెండూ శుభ్రం చేసి సరిచేస్తే సరిపోయాయి.

కడిగిన సూదిని శుభ్రమైన డీజిలులో ముంచి, గూటిలో పెట్టి, మూడోవంతు బయటికి లాగి నిలువుగా పట్టి వదిలితే తన బరువుతో తానే మెత్తగా జారి అడుగుకు చేరాలి. ఈ ఒక్క పరీక్ష చూపించమని అడగండి. ఆగి ఆగి జారే సూదిని తీసుకోవద్దు. ఇంకొక మాట: చెడినది నాజిలైతే నాజిలు మాత్రం మార్చవచ్చు, ఇంజెక్టరు ఒళ్ళంతా కొననక్కరలేదు. మాకు రెండు నాజిళ్ళు, నాలుగింటి సర్వీసు, వాషర్లు కలిపి అయిన ఖర్చు పంపుకు అడిగిన దానిలో ఆరోవంతు కూడా కాలేదు.

తిరిగి బిగించడం

గుంటను శుభ్రం చేసి కొత్త రాగి వాషరు ఒక్కటే వేయాలి. బిగింపు నట్లు రెండుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు; అటొకసారి ఇటొకసారి కొంచెం కొంచెంగా, మాన్యువల్ చెప్పినంత బిగువుకే బిగించాలి. ఇంజెక్టరు ఒరిగితే, లేదా బలమంతా చూపి బిగిస్తే, నాజిలు గూడు పిసరంత వంగి లోపల సూది పట్టేస్తుంది. షాపులో చక్కగా కూసిన నాజిలు బండి మీదికి వచ్చి మూగపోయిందంటే కారణం తరచు ఇదే.

తరువాత ఎయిర్ తీయాలి. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు వరుసగా రావాలి. చేతి పంపు కొడుతూ ముందు ఫిల్టరు మీది మరను వదులు చేసి నురగ పోయి నిండు డీజిలు వచ్చేవరకు ఉంచి బిగించాలి; తరువాత పెద్ద పంపు మీది మర; చివరకు ఇంజెక్టర్ల దగ్గరి పైపు నట్లు సగం వదులుగా ఉంచి సెల్ఫు కొట్టాలి. నాలుగింటి దగ్గరా డీజిలు తలచూపిన తరువాత బిగిస్తే ఇంజను అంటుకుంటుంది.

ఆ సాయంత్రం ఇంజను మీద నీళ్ళగ్లాసు పెడితే చుక్క ఒలకలేదు. డ్రైవరు ముఖం వెలిగింది. అధ్యక్షులవారు నన్ను భోజనానికి ఉండమన్నారు. నేను గొప్పగా అనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

డ్రమ్ము అడుగున

జూలై చివరలో మళ్ళీ కబురు వచ్చింది. బండి మళ్ళీ మిస్సు కొడుతున్నది. షాపువాడు మోసం చేశాడని కొందరు, నకిలీ నాజిళ్ళని కొందరు. వెళ్ళి చూస్తే ఈసారి రెండవది, నాలుగవది. విప్పి చూస్తే సూది మీద గోధుమరంగు మచ్చలు. అది అరుగుదల కాదు, తుప్పు.

నేను తల పట్టుకొని కూర్చుంటే కార్యదర్శి మాటవరసకు అన్నాడు, "ఈ మధ్య కూలరు జనరేటరు కూడా ఇట్లాగే కుంటుతోంది సార్" అని. జనరేటరుకూ వ్యానుకూ ఉన్న చుట్టరికం ఏమిటి? రెండూ త్రాగేది ఒకే డ్రమ్ము డీజిలు. కరెంటు పోయినప్పుడు పాల కూలరు ఆగకుండా సంఘం వెనుక ఒక డ్రమ్ము ఉంచుకున్నారు. పెట్రోలుబంకు దూరం కాబట్టి వ్యానుకూ అందులోనిదే పోస్తున్నారు. డ్రమ్ము ఆరుబయట నిలువుగా నిలబెట్టి ఉన్నది. దాని నెత్తిన వాననీరు నిలిచి ఉన్నది. పగలు ఎండకు డ్రమ్ములోని గాలి ఉబ్బి బిరడా సందుల గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు లోపలికి పీల్చుకుంటుంది, ఆ పీల్చేటప్పుడు నెత్తిమీది నీటిని కూడా లాగుతుంది. అడుగువరకు గొట్టం దింపి సీసాలో పట్టి చూచాము. సీసాలో క్రింది నాలుగు వేళ్ళ మేర నీళ్ళు, దాని మీద తుప్పుమడ్డి, పైన డీజిలు.

మే నెలలో నేను ఇంజెక్టరును పట్టుకున్నాను గాని, దానికి ఆ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు. రెండోసారి అయిన ఖర్చుకు కొంత బాధ్యత నాదే. నాజిలు మార్చిన ప్రతివారూ అదే రోజున ట్యాంకు అడుగు మర విప్పి, ఫిల్టరు గిన్నె తీసి, డీజిలు ఎక్కడినుంచి వస్తున్నదో అక్కడిదాకా వెళ్ళి చూడాలని ఆనాటి నుంచి చెబుతున్నాను.

డ్రమ్మును ఇప్పుడు నీడలో, దిమ్మెల మీద పడుకోబెట్టారు. కొళాయి ఉన్నవైపు కొంచెం ఎత్తుగా ఉంచారు, నీరూ మడ్డీ వెనుకవైపు చేరడానికి. కొత్తగా నింపిన డ్రమ్మును ఒకరోజు కదిలించకుండా తేరనిచ్చి వాడుతున్నారు. పోసేటప్పుడు సన్నని జాలీ గరాటు వాడుతున్నారు. జింకు పూత వేసిన బకెట్లలో డీజిలు నిలవ ఉంచవద్దు, జింకు డీజిలుతో కలిసి మడ్డి అవుతుంది. వ్యాను ట్యాంకును సాయంత్రమే నింపి ఉంచితే రాత్రి చలికి లోపలి గాలిలోని చెమ్మ నీరై దిగే అవకాశం తక్కువ. ఫిల్టరు క్రింది మరను వారానికొకసారి వదులు చేసి నీరు వదలాలి, వర్షాకాలంలో రెండుసార్లు. ఇది ఐదు నిమిషాల పని.

కిరోసిను కలపడం గురించి ఒక మాట. చవక అని కలిపేవారు ఇంకా ఉన్నారు. పంపుకూ నాజిలుకూ డీజిలే ఇంధనం, డీజిలే కందెన. వాటికి వేరే ఆయిలు లేదు. కిరోసినుకు ఆ జిడ్డు చాలదు. లీటరు మీద మిగిలిన రూపాయలను నాజిల్ షాపుకు కట్టవలసి వస్తుంది.

ఇక పాల సంగతికి వస్తే, పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. డీజిలు డబ్బాను క్యాన్ల పక్కన పెట్టి తేవడం, ఇంజను ముట్టుకున్న చేతులతో క్యాను మూత తీయడం, పాత పాలక్యానులో డీజిలు తెచ్చి కడిగి మళ్ళీ పాలకు వాడడం, ఇవన్నీ చూచాను. చివరిదైతే ఎన్ని నీళ్ళు పోసి కడిగినా వాసన వదలదు. ఆ క్యానును పాలలెక్క నుంచి తీసివేయాలి. డ్రైవరు సీటు క్రింద ఒక సబ్బు, ఒక పాత తువ్వాలు ఉంచడానికి సంఘం డబ్బు ఇవ్వవచ్చు. ఆ వ్యానులో ఇప్పుడు వీటితోపాటు ఒక నోటుపుస్తకం కూడా ఉన్నది. ఎన్ని కిలోమీటర్లకు ఎంత డీజిలు పట్టిందో, ఏ తేదీన ఫిల్టరు నీరు వదిలారో, డ్రైవరు ఏ ఫిర్యాదు చేశాడో అందులో వ్రాస్తారు; కమిటీ మీటింగులో దాన్ని చదివిన తరువాతే మిగిలిన విషయాలు. లీటరుకు 9 నుంచి 8కి పడినప్పుడే ఇప్పుడు కమిటీకి తెలుస్తున్నది.

ఆ బండి ఇప్పటికీ అదే రూటులో తిరుగుతున్నది. మొన్న చూచినప్పుడు మూడవ పైపు నట్టు దగ్గర కాస్త చెమ్మ కనబడితే, ఇంజను ఆపించి అప్పటికప్పుడే బిగించాము.